గోధుమ చేలో చిల్లర: నా నాణేల డైరీ

2024 సెప్టెంబరు 14, శనివారం

మెటల్ డిటెక్టర్‌తో పాత నాణేలు వెతుక్కోవడానికి మొత్తానికి చేను దొరికింది. ఆరుగురు రైతులకి ఉత్తరాలు రాస్తే ఒక్కాయన ఒప్పుకున్నాడు. కేంబ్రిడ్జ్‌లో మా ఇంటి నుంచి కారులో గంట దూరం, సఫోక్‌లో ఒక పల్లె. ఆయన షరతులు మూడే. తవ్విన గుంట పూడ్చాలి, గేటు వెయ్యడం మర్చిపోకూడదు, విలువైనది ఏదైనా దొరికితే సగం సగం. కాగితం మీద రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం. ఇంగ్లండ్‌లో పొలం యజమాని ఒప్పుకోకుండా డిటెక్టర్‌తో చేలో తవ్వి ఏదైనా పట్టుకెళ్తే దొంగతనమే. ప్రభుత్వం రక్షిత స్థలంగా ప్రకటించిన చోటైతే రైతు సరేనన్నా కుదరదు.

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "లంకెబిందెలు గానీ కనపడితే ముట్టుకోకు నాన్నా, అవి ఎవరికి రాసిపెట్టి ఉంటే వాళ్లకే" అంది. గుప్తనిధుల కోసం పాత గుళ్లలో నంది విగ్రహాలు పగలగొట్టారన్న వార్తలు చదివీ చదివీ ఆవిడకి తవ్వకం అంటేనే దడ. మన దగ్గర భూమిలో పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకి చెప్పాలని 1878 నాటి చట్టం ఉంది, ఇక్కడా అలాంటి చట్టమే ఉందమ్మా అని చెప్తే కాస్త నెమ్మదించింది.

గోధుమ కోత అయిపోయి కొయ్యకాళ్లు మిగిలాయి. నేలంతా చెకుముకి రాళ్లు. నాలుగు గంటలు డిటెక్టర్ కాయిల్ ఊపితే వచ్చిన ఆస్తి ఇది: తుపాకీ తూటాల ఇత్తడి అడుగులు పదకొండు, కోత యంత్రం ముక్కలు చేసిన కూల్‌డ్రింక్ డబ్బా రేకులు, గుండీలు నాలుగు, సీసపు ముద్ద ఒకటి. చివర్లో ఒక పెద్ద రాగి బిళ్ల. చేతిలోకి తీసుకోగానే బరువుకి ఆశ్చర్యపోయాను.

సెప్టెంబరు 15, ఆదివారం

ఆ రాగి బిళ్ల మీద బొమ్మా లేదు, బొరుసూ లేదు. రెండువందల ఏళ్ల ఎరువులు, నాగళ్లు కలిసి నున్నగా చేసేశాయి. నాణేలను గుర్తుపట్టడం అంటే అక్షరాలు చదవడమే అనుకున్న నాకు మొదటి రోజే అక్షరం లేని నాణెం తగిలింది.

మా డిటెక్టర్ క్లబ్బులో పెద్దాయన ఒకాయన ఉన్నాడు, ముప్పై ఏళ్లుగా ఇదే పని. ఫొటో పంపితే చూడనైనా చూడకుండా "బరువెంత, వెడల్పెంత?" అని అడిగాడు. వంటింట్లో మసాలాలు తూచే చిన్న డిజిటల్ కాటా మీద పెట్టాను. 26.8 గ్రాములు. స్కేలుతో కొలిస్తే 36 మిల్లీమీటర్లు. అంచు పక్కన వెడల్పాటి గట్టు ఆనవాలు కూడా వేలికి తగులుతోంది.

ఆ కొలతలకి సరిపోయేది ఒకటే: 1797 నాటి మూడో జార్జి పెన్నీ. బండి చక్రంలా ఉంటుందని 'కార్ట్‌వీల్' అంటారు. బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో మాథ్యూ బోల్టన్ ఆవిరి యంత్రాలతో కొట్టించాడు. పెన్నీలో పెన్నీ విలువ చేసే రాగి ఉండాలని ఒక్కో నాణేన్ని సరిగ్గా ఔన్సు, అంటే 28.35 గ్రాములు, తూగేలా చేశారు. నాది గ్రామున్నర అరిగింది, అంతే. అక్షరాలు పోయినా తూకం మిగిలింది.

చిన్న నోటుబుక్కు కొన్నాను. ప్రతి వస్తువుకీ నంబరు, బరువు, వెడల్పు, ఫోన్‌లో చూసిన లొకేషన్. నంబర్ 1: కార్ట్‌వీల్ పెన్నీ.

సెప్టెంబరు 28, శనివారం

ఈ రోజు జరిగింది రాయాలంటే సిగ్గుగా ఉంది గానీ డైరీ కదా, రాయాలి.

పదకొండు గంటలప్పుడు మంచి సిగ్నల్. జానెడు లోతు తవ్వితే మట్టి పెళ్ల పక్కన పసుపుపచ్చగా, పల్చగా, గుండ్రంగా ఒక బిళ్ల. ఉమ్ముతో తడిపి చూస్తే ఒక వైపు మూడు కిరీటాలు. మధ్యలో చిన్న పువ్వు. కిరీటాలంటే రాజు, పసుపంటే బంగారం! రెండో వైపు తిప్పి చూసే ఓపిక కూడా లేకపోయింది. మోకాళ్ల మీద కూర్చునే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను: "బంగారు నాణెం దొరికింది. మధ్యయుగంది అనుకుంటా." నిమిషంలో ఇరవై మూడు దండాలు, పదకొండు హారతి పళ్లేలు. బాబాయ్ అయితే "తులం ఎంతుంటుందిరా అక్కడ?" అని అడిగాడు.

సెప్టెంబరు 29, ఆదివారం

పొద్దున్నే తట్టింది: అంచు దగ్గర రెండు చోట్ల ఆకుపచ్చ చిలుము. బంగారానికి చిలుము పట్టదు. ఈ ముక్క మా ఇంట్లో ఇత్తడి చెంబు తోమిన ఎవరికైనా తెలుసు, నిన్న నాకే తెలీలేదు.

రెండో వైపు చూశాను. గోళం మీద శిలువ, చుట్టూ మూడు వంపుల చట్రం. అంచు వెంట అక్షరాలు చాలా స్పష్టంగా ఉన్నాయి గానీ ఏ రాజు పేరూ కాదు. నాణెం మీద ఇంత శుభ్రంగా ఉన్న అక్షరాలు అర్థం కాకపోతే అనుమానించాల్సింది నాణేన్నే అని పెద్దాయన తర్వాత చెప్పాడు. కూడబలుక్కుంటే 'గోటెస్ సేగెన్ మాఖ్ట్ రైఖ్' అని వచ్చింది. జర్మన్. దేవుడి దీవెన ధనవంతుణ్ణి చేస్తుందని అర్థం. కిరీటాల వైపు 'హాన్స్ క్రావింకెల్' అన్న పేరు.

ఇది డబ్బే కాదు. లెక్క బిళ్ల, వీళ్ల మాటలో జెటాన్. అంకెలతో కాగితం మీద కూడికలు ఇంకా అలవాటు కాని రోజుల్లో గళ్లు గీసిన బల్ల మీద ఈ బిళ్లలు జరుపుతూ వర్తకులు, గుమాస్తాలు లెక్కలు కట్టేవారు. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో క్రావింకెల్ కుటుంబం లాంటి వాళ్లు వీటిని కుప్పలుగా చేసి యూరప్ అంతా అమ్మారు. నాది 16వ శతాబ్దం చివర, 17వ శతాబ్దం మొదటి రోజులది. 22 మిల్లీమీటర్లు, 1.5 గ్రాములు. ఇంగ్లండ్ చేలల్లో ఇవి కొల్లలుగా దొరుకుతాయి, కొత్తవాళ్లు అందరూ ఒకసారి బంగారం అనుకుంటారట. ఆ 'అందరూ' అన్న మాటకి కొంచెం ఊరట.

గ్రూపులో 'అది ఇత్తడి' అని రాశాను. బాబాయ్ ఏమీ అనలేదు. ఒక్క బొటనవేలు పెట్టాడు.

అసలు దుఃఖం వేరే ఉంది. ఆ హడావుడిలో దొరికిన చోటు లొకేషన్ రాసుకోలేదు. నంబర్ 6 పక్కన ఆ గడి ఖాళీగా ఉంది.

అక్టోబరు 5, శనివారం

రెండు గంటలే పని. నంబర్ 9: చిటికెన వేలి గోరంత కంటే కాస్త పెద్దదైన నల్ల బిళ్ల, 17 మిల్లీమీటర్లు, 1.4 గ్రాములు. ఫోన్ టార్చి పక్క నుంచి, నేలకి దాదాపు సమాంతరంగా పట్టుకుంటే ఇద్దరు మనుషులు నిలబడ్డట్టు నీడ. రోమన్! చెయ్యి వణుకుతుండగానే నాలుగు ఫొటోలు తీశాను. ఈసారి గ్రూపులో పెట్టలేదు.

అక్టోబరు 12, శనివారం, దసరా

డిటెక్టర్‌కీ చిన్న పారకీ పసుపు కుంకుమ బొట్లు పెట్టాను. ఆయుధ పూజ ఆయుధ పూజే, ఏ దేశంలో ఉన్నా.

పూజకి ఇత్తడి దీపాలు చింతపండుతో తోముతున్నాను. వీడియో కాల్‌లో అమ్మ, "ఆ నల్ల బిళ్ల కూడా ఓసారి అందులో వెయ్యకూడదూ, తళతళలాడుద్ది" అంది. వద్దని పెద్దాయన మొదటి వారమే చెప్పాడు. నాణెం రుద్దకు, ఏ పులుపులోనూ వెయ్యకు, మామూలు నీళ్లు కూడా కాదు డిస్టిల్డ్ వాటర్ వాడు అన్నాడు. అయినా వేశాను. పది నిమిషాలే కదా అనుకున్నాను.

తీసి చూస్తే గులాబీ రంగులో, గుంటలు గుంటలుగా, నమిలి ఉమ్మేసిన బిళ్లలా ఉంది. మనుషులు లేరు. పదహారు వందల ఏళ్లకు పైగా మట్టిలో నిలబడ్డ ఇద్దరు సైనికులు మా సింకులో పోయారు. పాత రాగి నాణెం మీద లోహం చాలావరకు ఆ నల్లటి, పచ్చటి పొరగా మారిపోయి ఉంటుంది. బొమ్మ కూడా ఆ పొరలోనే ఉంటుంది. పులుపు ఆ పొరని కరిగిస్తే కింద మిగిలేది తొర్రలు పడిన రాగి. అమ్మని అనడానికి లేదు, ఆవిడ చేతిలో దీపాలు ఎప్పుడూ తళతళలాడాయి. తప్పు నాది.

ఫొటోలు ఉన్నాయి. అదొక్కటే.

నవంబరు 3

చేలో మళ్లీ గోధుమ వేశారు, మొలకలు వచ్చాయి. వచ్చే కోత దాకా అందులో అడుగు పెట్టకూడదు. వాగు పక్కన పచ్చిక బీడు ఉంది, అక్కడ చూసుకోమన్నాడు రైతు. పచ్చికలో తవ్వడం వేరే విద్య. గడ్డిని మూడు వైపులా కోసి మూతలా లేపి, తవ్విన మట్టి గోనెపట్టా మీద పోసుకుని, మళ్లీ పోసి, మూత వేసి తొక్కాలి. మొదటి రెండు గుంటలు పూడ్చినా కుట్లు వేసిన గాయాల్లా కనిపించాయి.

నవంబరు 16, శనివారం

1992లో సరిగ్గా ఇదే రోజున, ఇదే సఫోక్‌లో, హాక్సన్ అనే ఊళ్లో ఒక రిటైర్డ్ తోటమాలి, రైతు పొలంలో పారేసుకున్న సుత్తి వెతకడానికి డిటెక్టర్ పట్టుకుని వెళ్లాడు. దాదాపు 15,000 రోమన్ బంగారు, వెండి నాణేలు బయటపడ్డాయి. కొన్ని కనపడగానే తవ్వడం ఆపేసి కబురు చేశాడు కాబట్టి మిగతావి పురావస్తువాళ్లు ఉన్నవి ఉన్నట్టు తీయగలిగారు. సుత్తి కూడా దొరికింది. అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

నాకు దొరికింది సగం నాణెం. మాటవరసకి కాదు, నిజంగానే సగం. వెండిది, చవితి చంద్రుడి కంటే కాస్త లావు. 0.62 గ్రాములు. విరిగిందనుకుని ఉసూరుమన్నాను. తర్వాత కోత అంచు చూస్తే కత్తెరతో కత్తిరించినంత తిన్నగా ఉంది.

విరిగింది కాదు, చిల్లర. పన్నెండు, పదమూడు శతాబ్దాల రోజుల్లో ఇంగ్లండ్‌లో వాడుకలో ఉన్నది పెన్నీ ఒక్కటే. అర పెన్నీ కావాలంటే నాణేన్ని సగానికి కోసేవారు, పావు కావాలంటే నాలుగు ముక్కలు. కొయ్యడానికి వీలుగా వెనక వైపు జంట గీతల శిలువ ఉండేది. గుండ్రటి అర పెన్నీ, పావు పెన్నీ మామూలుగా చెలామణిలోకి వచ్చింది 1279 తర్వాత, మొదటి ఎడ్వర్డ్ కాలంలో. మా నాయనమ్మ కొట్టుకి పంపుతూ "రూపాయి విడిపించుకు రా" అనేది. ఇక్కడ నిజంగానే విడిపించారు.

నవంబరు 17, ఆదివారం

రాత్రి రెండింటి దాకా దీని ముందే కూర్చున్నాను. గది లైటు ఆపి టార్చి బల్ల మీద ఆనించి నాణేన్ని కొంచెం కొంచెం తిప్పడం. ఒక కోణంలో ఏమీ ఉండదు, ఇంకో రెండు డిగ్రీలు తిప్పితే ఒక్కసారి అక్షరం లేచి నిలబడుతుంది. మా ఆవిడ తలుపు తీసి చూసి, "దొంగ నోట్లు అచ్చేసేవాళ్లు ఇలాగే ఉంటారేమో" అని వెళ్లి పడుకుంది.

బొమ్మ వైపు ఉంగరాల జుట్టు, ఒక కన్ను, '...రికస్'. హెన్రికస్, అంటే హెన్రీ. పని అయిపోయిందనుకున్నాను. అసలు చిక్కు అక్కడే. 1180లో రెండో హెన్రీ మొదలుపెట్టిన ఈ పొట్టి శిలువ నాణేల మీద ఆయన పోయాక కూడా పేరు మార్చలేదు. కొడుకు రిచర్డ్ వచ్చాడు, హెన్రికస్. ఇంకో కొడుకు జాన్ వచ్చాడు, హెన్రికస్. మనవడు మూడో హెన్రీ కాలంలో 1247 దాకా అదే నడిచింది. తాత పోయి ఇరవై ఏళ్లయినా కరెంటు బిల్లు ఆయన పేరు మీదే వస్తున్నట్టు. కాబట్టి రాజు పేరు చదివితే రాజు తెలియడు.

ఆధారం వెనక వైపు ఉంది. నాణెం కొట్టినవాడి పేరు, ఊరి పేరు అక్కడ ఉంటాయి. బరువు తగ్గితే ఎవర్ని పట్టుకోవాలో తెలియాలి కదా. నా సగంలో మిగిలింది 'ఎర్ ఆన్ ల...'. 'ల' అంటే లండన్ కావచ్చు. 'ఎర్'తో ముగిసే లండన్ పేర్లు నాకు మూడు కనిపించాయి: ఇల్గర్, రెనర్, వాల్టర్. 'ఎర్' ముందు అక్షరం కోత మీద పడి సగమే ఉంది. ఒకసారి 'ట' అనిపిస్తుంది, ఒకసారి 'గ'. అలసిపోయాక 'న' కూడా అనిపించింది.

డిసెంబరు 7, శనివారం

పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ వాళ్ల ఫైండ్స్ లయజాన్ ఆఫీసరు దగ్గరికి తీసుకెళ్లాను. ఇలా దొరికినవాటిని ఉచితంగా చూసి, గుర్తుపట్టి, అందరూ వెతుక్కునే డేటాబేస్‌లో ఎక్కించడం వాళ్ల పని. 1997 నుంచి నడుస్తోంది.

ఆవిడ సగం నాణేన్ని మైక్రోస్కోపు కింద పెట్టి అర నిమిషం చూసింది. "గ. ఇల్గర్." నాకు మూడు వారాలు పట్టింది! ఇల్గర్ అటు జాన్ రాజు కాలంలోనూ కొట్టాడు, మూడో హెన్రీ కాలంలోనూ కొట్టాడు. అది తేల్చడానికి పేరు కాదు, ముఖం, జుట్టు ఉంగరాలు, అక్షరాల తీరు చూడాలట. వాటిని బట్టి పండితులు తరగతులు విడదీశారు. నాది క్లాస్ 7. మూడో హెన్రీ, 1217, 1242 మధ్య.

నిధి కింద చెప్పాలా అని అడిగాను. 1996 ట్రెజర్ యాక్ట్ ప్రకారం విడిగా దొరికిన ఒక్క నాణెం మామూలుగా నిధి కిందకి రాదు. మూడువందల ఏళ్లు దాటిన బంగారు, వెండి నాణేలు ఒకే చోట రెండు దొరికితే వస్తుంది. రాగి, ఇత్తడి లాంటివైతే పది ఉండాలి. అప్పుడు పద్నాలుగు రోజుల్లోపు కరోనర్ అనే విచారణాధికారికి తెలియజేయాలి. "రెండో సగం గానీ దొరికిందా?" అని నవ్వింది. బీడులో ఆ గుంట చుట్టూ గజం గజం వెతికానని చెప్పలేదు.

చింతపండు నాణెం చూపించడానికి మొహం చెల్లక ఫొటో చూపించాను. ఇద్దరు సైనికుల మధ్య ఉన్న జెండా కర్రలు లెక్కపెట్టమంది. ఒకటే. 'గ్లోరియా ఎగ్జెర్సిటస్', సైన్యానికి జేజేలు అన్న రకం. 330లో మొదలైనప్పుడు రెండు జెండాలు ఉండేవి, 335 నుంచి నాణెం చిన్నదై ఒకటే మిగిలింది. అలా 335, 341 మధ్య అని తేలింది. తర్వాత అసలు నాణెం అడిగింది. ఇచ్చాను. కాసేపు చూసి, "దీన్ని దేనితో కడిగారు?" చింతపండు అంటే ఏమిటో వివరించడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. ఆవిడ ముఖంలో కోపం లేదు, అదే ఇబ్బందిగా ఉంది.

లెక్క బిళ్ల దొరికిన చోటు అడిగింది. "చేలో" అన్నాను.

2025 జనవరి 11, శనివారం

నేల గడ్డకట్టింది, పార దిగడం లేదు. క్లబ్బు మీటింగ్ మాత్రం ఉంది. పండగకి మా ఆవిడ చేసిన అరిసెలు డబ్బాలో పట్టుకెళ్లాను.

పెద్దాయన జేబులోంచి ఒక రాగి నాణెం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది మీ దేశానిది, చదివి చెప్పు." ఒక వైపు కిరీటం పట్టుకున్న సింహం, ఈస్ట్ ఇండియా కంపెనీ, 1808. రెండో వైపు ఫార్సీ అక్షరాలు, కింద రోమన్ పది అంకె. అందరూ నా వైపే చూస్తున్నారు. ఆ కంపెనీయే మద్రాసులో తెలుగు, తమిళ అక్షరాలతో కూడా నాణేలు కొట్టింది. అదేదో వచ్చినా పరువు దక్కేది.

హైదరాబాద్ ఫ్రెండ్‌కి వీడియో కాల్ చేశాను. వాడికి ఉర్దూ చదవడం వచ్చు. "అరేయ్, తలకిందులు పట్టుకున్నవ్, తిప్పు" అన్నాడు. తిప్పాను. "దహ్... కాస్. పది కాసులు రా."

కాసు. కాసులపేరులో కాసు. మద్రాసు ప్రెసిడెన్సీ కోసం చేసిన పది కాసుల నాణెం. కొట్టింది ఎక్కడో పెద్దాయన చెప్పాడు: సోహో టంకశాల, బోల్టన్. నా నంబర్ 1 పెన్నీ పుట్టిన చోటే! ఇలాంటి నాణేలు టన్నుల కొద్దీ వేసుకుని మన వైపు బయల్దేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ ఓడ 1809 జనవరిలో తుపానుకి కెంట్ తీరంలో గుడ్‌విన్ ఇసుక దిబ్బల మీద మునిగిపోయింది. 1980లలో గజ ఈతగాళ్లు లక్షల కొద్దీ పైకి తీశారు. అందుకే ఇక్కడ సంతల్లో కొన్ని పౌండ్లకే దొరుకుతాయి.

నాలుగు అరిసెలు తిని ఆయన నాణెం నా వైపు జరిపాడు. ఇంటికొచ్చి తూచాను, 4.4 గ్రాములు. నోటుబుక్కులో నంబరు వెయ్యలేదు. చేలో దొరికింది కాదు కదా.

ఫిబ్రవరి 8, శనివారం

ఈ నెలాఖరుకి బీడులోకి గొర్రెలు వస్తాయట, ఆలోపు రెండు వారాంతాలు మిగిలాయి. రెండో సగం దొరకలేదు. నంబర్ 14 ఇంకా తేలలేదు: బూడిద రంగు, 15.3 మిల్లీమీటర్లు, 1.1 గ్రాములు, ఒక వైపు నున్నన, ఒక వైపు గీతలు. పెద్దాయన సీసపు టోకెన్ అంటున్నాడు. బాబాయ్ ప్లాటినం కావచ్చు అంటున్నాడు.